క్లౌ దొర

ఒంగోలు ప్రజలు క్లౌ దొర అని పిలుచుకొనిన జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో జన్మించి, 1866లో ఒంగోలులో స్థిరపడిన బాప్టిస్టు మిషనరీ. పూర్వాశ్రమమున ఆయన సర్వేయరు. ఆ విద్య 1876-78 నాటి ఘోర క్షామములో అక్కరకు వచ్చినది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును తామే కంట్రాక్టుకు తీసుకొని, వేలాది నిరుపేదలకు, విశేషించి మాదిగవాడల వారికి, కూలి కల్పించి ప్రాణములు నిలిపిరి.

ఆ దినములలో బాప్తిస్మము కోరి ఎందరో వచ్చిరి. ఆయన ఇవ్వలేదు! ఆకలిగొన్నవాని విశ్వాసమును శంకించుట కఠినమని మాకు మొదట తోచినది. కాని గింజల కొరకు మతము మారిరన్న నింద ఆ పేదలపై పడరాదు గదా! సహాయధనము ఇక లేదని చెప్పినను వారు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, తెలుగు బోధకుల చేతుల మీదుగా, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.