నైట్ ట్రైన్ లేన్

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ పట్టణం. 1920ల చివరి రోజులు. ఎల్లా లేన్ అనే నల్లజాతి వితంతువుకు ఒక చెత్తకుండీలోంచి ఏడుపు వినిపించింది. మొదట పిల్లి అనుకుందట. దగ్గరికెళ్లి చూస్తే, పాత పేపర్లలో చుట్టి పడేసిన మూడు నెలల పసిబిడ్డ. ఆమెకు అప్పటికే పిల్లలున్నారు. అయినా ఆ బిడ్డను ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లింది, తన ఇంటిపేరే ఇచ్చి పెంచింది. ఆ బిడ్డే రిచర్డ్ లేన్. హాస్టల్ అప్లికేషన్‌లో తండ్రి పేరు గడి దగ్గర పెన్ను ఆగిపోయిన మిత్రులు మనలో ఉన్నారు. ఆయన కథ వాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

ఆయన ఆడింది అమెరికన్ ఫుట్‌బాల్. మనం గ్రౌండ్‌లో కాలితో తన్నే ఆట కాదిది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, తమవాడికి విసురుతారు. ఎదుటి జట్టు వాళ్లు కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు వాణ్ణి పట్టి పడేయాలి. అవతలివాడు తనవాడికి విసిరిన బంతిని మధ్యలోనే అందుకుంటే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. మన కథంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఆస్టిన్‌లో నల్లపిల్లలకు బడి వేరు, తెల్లపిల్లలకు బడి వేరు. ఆ వేరే బడిలోనే లేన్ చదివాడు. తర్వాత నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక జూనియర్ కాలేజీలో ఒక్క ఏడాది చదివి, నాలుగేళ్లు సైన్యంలో పనిచేశాడు. 1952 నాటికి లాస్ ఏంజిలస్‌లో విమానాల ఫ్యాక్టరీ కూలీ. నూనె కారుతున్న లోహపు రేకులు ఎత్తడం ఆయన పని. ఆ ఊళ్లోనే రామ్స్ అనే జట్టు ఆఫీసు ఉండేది. 1951లో దేశ ఛాంపియన్ ఆ జట్టే. ఒకరోజు లేన్, తన ఆట గురించి పేపర్లో వచ్చిన ముక్కలు అంటించుకున్న పుస్తకం చంకలో పెట్టుకుని, నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. సిఫారసు లేదు, డిగ్రీ లేదు. కోచ్ జో స్టైడహార్ ఆ పుస్తకం తిరగేసి ఒక అవకాశం ఇచ్చాడు.

లేన్ అడిగింది బంతి అందుకునే స్థానం. అక్కడ అప్పటికే టామ్ ఫియర్స్, ఎల్రాయ్ హిర్ష్ అనే ఇద్దరు దిగ్గజాలున్నారు. పైగా జట్టు వేసే ఎత్తుగడలు ఈయనకు ఓ పట్టాన తలకెక్కలేదు. తెలియనివి అడగడానికి తరచూ ఫియర్స్ గదికి వెళ్లేవాడు. అక్కడ గ్రామఫోన్‌లో నైట్ ట్రైన్ అనే రికార్డు ఎప్పుడూ మోగుతుండేది. తోటి ఆటగాళ్లు ఆయనకు ఆ పేరే పెట్టేశారు. మొదట ఆయనకు నచ్చలేదట, తర్వాత అదే స్థిరపడింది.

కోచ్ ఆయన్ని డిఫెన్స్‌లోకి మార్చాడు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. బంతి అందుకునేవాడి ఆలోచన ఎలా ఉంటుందో లేన్ అప్పటికే నేర్చుకున్నాడు. కావాలనే కాస్త వెనక ఉండి ఖాళీ వదిలేవాడు. విసిరేవాడు దారి దొరికిందనుకుని బంతి వదలగానే, రెండంగల్లో వచ్చి లాక్కునేవాడు. ఆ తొలి ఏడాది 12 మ్యాచుల్లో 14 ఇంటర్‌సెప్షన్లు చేశాడు. ఇప్పుడు ఒక సీజన్‌కు 17 మ్యాచులు ఆడుతున్నారు. అయినా ఆ 14ను ఎవరూ దాటలేదు.

ఆయన పట్టు గురించి కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. పరుగెత్తేవాణ్ణి మెడ దగ్గర చేత్తో కొట్టినట్టు పట్టి పడేసేవాడు. దానికి నైట్ ట్రైన్ నెక్‌టై అని పేరు. జనం చప్పట్లు కొట్టారు గానీ అది ప్రమాదకరమైన పట్టే. హెల్మెట్ ముందు కమ్మీ పట్టుకుని లాగడాన్ని 1962లో పూర్తిగా నిషేధించారు. మెడ మీద పట్టు కూడా తర్వాత నిబంధనలకు విరుద్ధమైంది.

1954లో షికాగో కార్డినల్స్‌కు, 1960లో డెట్రాయిట్ లయన్స్‌కు మారాడు. 1963లో ప్రసిద్ధ గాయని డైనా వాషింగ్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ డిసెంబర్‌లోనే ఆమె చనిపోయింది. 1965తో ఆట ముగించాడు. 14 సీజన్లు, 68 ఇంటర్‌సెప్షన్లు. ఒక్కసారి కూడా ఛాంపియన్ జట్టులో లేడు.

1974లో ఆయన పేరు ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. కానీ అంత ఆట తెలిసినవాడికి పెద్ద లీగ్‌లో హెడ్ కోచ్ కుర్చీ దక్కలేదు. ఆ లీగ్‌లో ఆధునిక కాలంలో మొదటిసారి ఒక నల్లజాతి వ్యక్తి హెడ్ కోచ్ అయ్యింది 1989లో. అప్పటికి లేన్‌కు అరవై దాటాయి. ఆయన మాత్రం డెట్రాయిట్‌లో పోలీసు శాఖ నడిపే పిల్లల క్రీడా సంఘంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 2002 జనవరి 29న ఆస్టిన్‌లో, ఎల్లా లేన్ ఆయన్ని ఎత్తుకున్న ఊళ్లోనే, కన్నుమూశాడు.