పల్లె నుంచి వచ్చిన చదరంగ మేటి సుల్తాన్ ఖాన్

చదరంగంలో మేటి అంటే ఎత్తులన్నీ పుస్తకాల్లో చదివి కంఠస్థం చేసినవాడని చాలామంది అభిప్రాయం. ఆ మాట అన్నివేళలా నిజం కాదని మీర్ సుల్తాన్ ఖాన్ జీవితం తెలుపుతుంది.

ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ ప్రాంతపు మిఠా టివానా గ్రామం ఆయనది. తొమ్మిదో ఏట తండ్రి దగ్గర చదరంగం నేర్చారు. అది మన దేశపు పాత పద్ధతి ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. ఐరోపా ఆటలో రెండు గళ్ళు దూకవచ్చు. రాజుకు కోట కట్టే తీరూ వేరు. ఆయన ఆట చూసి ముచ్చటపడిన నవాబు సర్ ఉమర్ హయాత్ ఖాన్ చేరదీసి ఐరోపా నియమాలు నేర్పించారు. 1928లో అఖిల భారత విజేత అయిన సుల్తాన్ ఖాన్‌ను మరుసటి ఏడు లండన్ తీసుకువెళ్ళారు.

ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలుచుకున్నారు. 1932, 1933లలో మళ్ళీ ఆయనే.

ఆట ఆరంభపు ఎత్తుల్లో ఆయన వెనుకబడే ఉండేవారు. ఐరోపా ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి శోధించి పెట్టుకున్న దారులు ఆయనకు కొత్త. అయితే ఆట సాగేకొద్దీ ఆయనదే పైచేయి అయ్యేది. ఏ బంటు ఎప్పుడు బలహీనపడుతుందో పసిగట్టి, తొందరపడకుండా ఒక్కొక్క గడీ ఆక్రమించేవారు. బలగం పలచబడిన చివరి దశలో ఆయనను నిలువరించడం మహామహులకే కష్టం. 1930-31 హేస్టింగ్స్ పోటీల్లో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఊపిరాడకుండా బిగించి 65 ఎత్తుల్లో ఓడించారు. అసలు నేర్పు ఇదే కాబోలు. చలికి, జ్వరాలకు తాళలేక మెడకు గుడ్డ చుట్టుకుని ఆడిన రోజులూ ఉన్నాయి.

నవాబు ఇంటివారిలోనే ఒకరైన ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళా విజేత కావడం మరో విశేషం.

అదే ఏడాది చివర నవాబుతో పాటే ఆయన కూడా స్వదేశం చేరారు. లండన్ పోటీలు అంతటితో సరి. 1935లో ఖాదిల్కర్‌ను ఓడించాక పెద్ద పోటీల్లో కనిపించలేదు. సేద్యం చేసుకుంటూ గడిపారు. 1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తొలిసారి 27 మందికి గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చినప్పుడు ఆయన పేరు అందులో లేదు. 1966లో సర్గోధాలో క్షయవ్యాధితో కన్నుమూశారు. ఆ బిరుదును సమాఖ్య 2024 ఫిబ్రవరిలో ఆయన పేరిట ప్రకటించి, పాకిస్తాన్ ఆపద్ధర్మ ప్రధానికి అందజేసింది.