ఓరుగల్లు వీడి బస్తరు చేరిన అన్నమదేవుడు

రాయపూరునుండి దక్షిణముగా సుమారు 300 కిలోమీటర్లు పయనించినచో జగదల్‌పూరు చేరుదుము. అచట ఏటేట 75 దినములు సాగు దసరా మహోత్సవము జగద్విఖ్యాతము. ఆ ఉత్సవమును తరతరములుగా నడపిన బస్తరు రాజవంశమునకు మూలపురుషుడు మన ఓరుగంటి రాకుమారుడు. అతడే అన్నమదేవుడు. ఉద్యోగరీత్యా ఉర్లా, రాయపూరు ప్రాంతములకు వచ్చి స్థిరపడిన ఆంధ్ర కుటుంబములకు ఈతని చరిత్ర తెలిసికొనదగినది.

అన్నమదేవుడు కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుని సోదరుడని బస్తరు రాజుల శాసనము చెప్పుచున్నది. 1303 మొదలుకొని ఢిల్లీ సుల్తానుల సేనలు ఓరుగల్లుపై పలుమారులు దండెత్తినవి. తుదకు 1323లో ఉలుఘ్‌ఖానుని ముట్టడికి కోట లొంగిపోయెను. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున అసువులు బాసెనని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము వలన తెలియుచున్నది. అన్న చెరబోయెను, కోట పోయెను, రాజ్యము పోయెను. అట్టి దశలో అన్నమదేవుడు కులదైవమును నమ్ముకొని గోదావరి దాటి ఉత్తరపుటడవులలో ప్రవేశించెను.

ఆతడు చేరిన చక్రకోట్యసీమ నిర్జనారణ్యము కాదు. బారసూరులో మనోహరములైన ఆలయములను నిర్మించిన నాగవంశీయులు అచట చిరకాలముగా ఏలుచుండిరి. 1324 నాటి తేమరా సతీశాసనము హరిశ్చంద్రదేవుడను నాగరాజును పేర్కొనుచున్నది. ఓరుగల్లు పడిన మరుసటి యేటకూడ పాత ప్రభువే అచట పాలించుచుండెనని దీనివలన గ్రహింపవచ్చును. కనుక అన్నమదేవునికి రాజ్యము అప్పనముగా రాలేదు. నాగనాయకులను గెలిచి, అడవిబిడ్డలైన గోండు, హల్బా ప్రజల నడుమ తన వంశమును నిలువద్రొక్కుకొనవలసి వచ్చెను. స్వస్థానమునుండి తరుమబడినవాడే మరియొకచోట విజేత యగుట ఈ గాథలోని వింత.

ఈ ప్రయాణమును గూర్చి బస్తరు ప్రజలు చెప్పుకొను కథ యొకటి కలదు. దంతేశ్వరీదేవి అన్నమదేవుని వెంట నడచి వచ్చెదననియు, ఆతడు మాత్రము వెనుదిరిగి చూడరాదనియు నియమము పెట్టెనట. అందెల చప్పుడు వినుచు రాజు ముందు నడచెను. శంఖినీ డంకినీ నదుల సంగమమున దేవి పాదములు ఇసుకలో దిగబడగా చప్పుడాగెను. రాజు ఆతురతతో వెనుదిరిగెను. దేవి అచటనే నిలిచిపోయెను. అదియే దంతెవాడ. ఇల్లు వీడినవాని మనస్సు వెనుకకే లాగునను సత్యము ఈ కథలో దాగియున్నది.

అన్నమదేవుని అనంతరము హమీరదేవుడు, భైరవదేవుడు, పురుషోత్తమదేవుడు క్రమముగా ఏలిరి. వీరిలో పురుషోత్తమదేవుడు పూరీ జగన్నాథుని సేవించి వచ్చి దసరా రథోత్సవమును నెలకొల్పెనని ప్రతీతి. పిదప 1703లో దిక్పాలదేవుడు సకుటుంబముగా దంతేశ్వరీ యాత్ర చేసి, మైథిల పండితుడగు భగవాన్ మిశ్రునిచే శాసనము వ్రాయించెను. అందు వంశక్రమమంతయు కలదు. ఒక ఫలకము సంస్కృతమున నున్నది. కలియుగమున సంస్కృతము చదువువారు తక్కువయని రెండవ ఫలకమును దేశభాషలో చెక్కించిరి. ఆ దేశభాష తెలుగు కాదు, హిందీ. ఓరుగల్లు వీడిన పిమ్మట నాలుగు శతాబ్దములు గడచునప్పటికి రాజకుటుంబపు శాసనమున తెలుగునకు తావు లేకపోయెను. ఐనను ఓరుగల్లు పేరును, కాకతి పేరును ఆ శిలపై చెరగకుండ నిలిచినవి.

ఈ వంశమున 1921లో రుద్రప్రతాపదేవుడు పుత్రసంతతి లేక మరణింపగా ఆతని కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి బాల్యముననే గద్దె నెక్కెను. ఆమె 1936లో లండనులో మరణించెను. ఆమె కుమారుడు ప్రవీరచంద్ర భంజదేవుని కాలమున, 1948లో, బస్తరు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. గిరిజనులకు ఆరాధ్యుడైన ప్రవీరచంద్రుడు 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజప్రాసాదమున పోలీసు కాల్పులలో మరణించెను.

పూర్వులు నడచివచ్చిన దారిని వెదకుట ఒక్క రాజవంశముల పనియే కాదు. 1838-39లో అమెరికా ప్రభుత్వము చెరోకీ జాతివారిని స్వస్థలమునుండి వెడలగొట్టి మిసిసిపీ నదికి ఆవలి భూములకు తరలింపగా వేలమంది దారిలో మరణించిరి. వారి సంతతివారు నేటికిని ఆ తాతముత్తాతల పేర్లను వెదకి భద్రపరచుకొనుచున్నారు.

మనలను ఎవరును తరిమివేయలేదు. బదిలీ ఉత్తరువులతోను, బ్రతుకుతెరువునకును వచ్చినవారము. ఐనను అన్నమదేవుని వంశమునకు ఎదురైన ప్రశ్న మనకును ఎదురగుచున్నది. భోపాలపట్నము, కోంట ప్రాంతములందు సామాన్య ప్రజల యిండ్లలో తెలుగు నేటికిని వినబడుచున్నది. రాజనగరిలో అది నిలువలేదు. భాషను నిలుపునది సింహాసనము కాదు, తల్లిదండ్రులు బిడ్డలతో ఇంట పలుకు మాట. మన పిల్లలు ఏ భాషలో చదువుకొన్నను, తమ ఊరిపేరును ఇంటిపేరును తెలుగున వ్రాయగలిగినచో ఓరుగంటి రాకుమారుని దీర్ఘయాత్ర మనకు వృథాగా చెప్పబడినది కాదు.