గుండెకు జాతి లేదని చూపిన డాక్టర్ బర్నార్డ్
క్రిస్టియాన్ బర్నార్డ్ 1922లో దక్షిణాఫ్రికాలోని బోఫోర్ట్ వెస్ట్‌లో ఓ పేద పాస్టర్ ఇంట పుట్టారు. అన్నదమ్ముల్లో ఒకరు పసితనంలోనే గుండెజబ్బుతో పోయారు.

1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన యువతి గుండెను, ఆమె తండ్రి ఒప్పుకోవడంతో, లూయీ వాష్కాన్‌స్కీకి అమర్చారు. గుండె బాగానే కొట్టుకుంది గానీ న్యుమోనియా వచ్చి ఆయన 18 రోజులకే కన్నుమూశారు.

బర్నార్డ్ వెనక్కి తగ్గలేదు. జాతివివక్ష రాజ్యమేలుతున్న ఆ దేశంలోనే, 1968 జనవరి 2న మిశ్రమజాతి యువకుడి గుండెను తెల్లజాతి వ్యక్తికి పెట్టారు. ఆయన 19 నెలలు బతికారు.

మార్చిన గుండెకు నరాలు తెగిపోయి ఉంటాయి. అయినా అది తనంతట తానే కొట్టుకుంటుంది. నడిస్తే వేగం కాస్త ఆలస్యంగా పెరుగుతుంది. ఏళ్లు గడిచాక కొందరిలో కొన్ని నరాలు మళ్లీ పెరుగుతాయి.

కీళ్లవాతంతో 1983లో ఆపరేషన్లు మానేసిన బర్నార్డ్ 2001లో చనిపోయారు.