శ్రీనాథుని విస్తరి

డిటెక్టివు నవలలను పాఠ్యపుస్తకముల చాటున దాచుకొని చదువు విద్యార్థులు మాలో లేకపోలేదు. అట్టి కథలలో భోజనపాత్రయే తరచుగా రహస్యమునకు తాళపుచెవి యగును. ఇది పాశ్చాత్యుల సొత్తని తలపరాదు. భారతమున అరణ్యపర్వమునందు దమయంతి, బాహుకుడను వంటవానిని శంకించి, వాడు వండిన మాంసమును కేశినిచే తెప్పించి రుచి చూచి, వీడు నలుడే యని గుర్తించెను. నాలుకయే అచట సాక్షి. నలుని కథను శృంగారనైషధముగా తెనిగించిన శ్రీనాథుడు ఈ ఘట్టము వరకు రాక, వివాహమును దంపతుల వేడుకలను వర్ణించి విరమించెను. మూలమగు శ్రీహర్షుని కావ్యమే అచట ఆగినది. అయినను మాకు కొంత చింత కలదు. ఏలన అన్నమును గూర్చి ఆయనవలె వ్రాసిన కవులు తెనుగున అరుదు.

శ్రీనాథుడు 14వ శతాబ్దపు ఉత్తరార్ధమున జన్మించెను. కొండవీటి ప్రభువగు పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై యుండెను. హరవిలాసమును సుగంధద్రవ్యముల వర్తకుడగు అవచి తిప్పయసెట్టికిని, కాశీఖండమును రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికిని అంకితమిచ్చెను.

కాశీఖండమునందలి వ్యాసుని కథ ఒక చిక్కుముడి వంటిది. కాశిలో వ్యాసునకు ఏ యింటను భిక్ష దొరకలేదు. మరునాడును అంతే. అన్నపూర్ణ వెలసిన నగరమున అన్నము కరవగు టెట్లు? ఇది విశ్వేశ్వరుని పరీక్ష యని ఎరుగక ముని కోపించి కాశిని శపింపబోయెను. అంతలో ఒక ఇల్లాలు వాకిట నిలిచి, మందలించి, శిష్యసమేతముగా భోజనమునకు పిలిచినది. విస్తళ్లు పరచిరి, వంటకము జాడ మాత్రము కానరాదు. ఆపోశనము పట్టగానే విస్తళ్ల నిండ పదార్థములు ప్రత్యక్షమయ్యెను. ఆ ఇల్లాలు విశాలాక్షియే. కడుపు నిండినను శిక్ష తప్పలేదు; కోపించిన నేరమునకు వ్యాసుడు కాశిని వీడవలసివచ్చెను. ఆకలి ఎంతవానిని ఎచటికి తెచ్చునో ఇంత నేర్పుగా చెప్పిన కథను మేము వేరొకటి చదువలేదు.

విజయనగరమున ప్రౌఢదేవరాయల (1422–1446) సభలో గౌడడిండిమభట్టును గెలిచి శ్రీనాథుడు కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. దానికి ముందు పడిన పాట్లు ఆయన పేర వ్యాపించిన చాటువులలో కలవు. కన్నడదేశపు కొలువునకై తలపై కుళ్లాయి పెట్టెను, పెద్ద అంగీ తొడిగెను, వెల్లుల్లితో నువ్వులముద్ద తినెను, చల్లయంబలి త్రాగెను. ఇంట తెలుగు, కచేరిలో మరాఠీ పలుకు సిరొంచ వారమగు మాకు ఆ పద్యమునందలి ఇబ్బంది ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఆ భోజనము నిందింపదగినది కాదు. జొన్నపిండిని రాత్రి నీట కలిపి పులియనిచ్చి, ఉదయమున ఉండకట్టకుండ కలియబెట్టుచు ఉడికించి, చల్లార్చి, పలుచని మజ్జిగయు ఉప్పును చేర్చినచో చల్లయంబలి సిద్ధము. వేయించిన నువ్వులు, వెల్లుల్లి, ఎండుమిరప కలిపి రోట నూరిన ముద్ద దానికి చక్కని జత. వేసవిలో చేసి చూడుడు.

పలనాటికి పోయినపుడు సన్నబియ్యపు అన్నము దొరకక, కలి, అంబలి, అన్నము సర్వము జొన్నయే యని ఆయన ఎగతాళి చేసెను. ఇచట మేము కవిపక్షము వహింపజాలము. జొన్నరొట్టెతో పెరిగినవారు పలనాటి రైతును పరిహసింతురా? రాజుల పంక్తిలో కూర్చున్న నాలుకకు పొలపు రుచి ఎక్కలేదనుటయే న్యాయము.

పొలము పిదప ఆయనను వెదకికొని వచ్చెను. 1424 ప్రాంతమున కొండవీటి రెడ్డిరాజ్యము కూలెను. రాజమహేంద్రవరపు ఆశ్రయమును కాలక్రమమున తొలగెను. ముసలితనమున కవిసార్వభౌముడు కృష్ణాతీరమునందలి బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసికొని సేద్యమునకు దిగెనని చాటువు చెప్పుచున్నది. నువ్వులను పెసలను పిట్టలు తినిపోయినవి. మిగిలిన పంటను కృష్ణ వరద కొనిపోయినది. చెల్లింపవలసినది 700 టంకములు. చేత ఒక్కటియు లేదు. కనకస్నానము చేసిన దేహమును అధికారులు ఎండలో నిలిపి భుజముపై రాయి మోపించిరట. ఒకప్పుడు కర్ణాటమున తినలేక తిన్న నువ్వులముద్దకు సరిపడు నువ్వులైనను ఆ యేడు ఆయన యింటికి చేరలేదు.