ఫారడే: లక్క నుంచి నానో ఫిల్మ్ దాకా

విద్యుత్ కార్ల ఇన్వర్టర్లలో, గుండె లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్లలో కెపాసిటర్ ఉంటుంది. విద్యుత్తును కాసేపు దాచి, కావలసినప్పుడు ఒక్కసారిగా వదలడం దాని పని. దాని సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం ఫారడ్. ఆ పేరు మైకేల్ ఫారడేది. మోటారు, డైనమోల వెనుక ఉన్న శాస్త్రవేత్తగానే ఆయన మనకు తెలుసు. అంతగా ప్రచారం లేని ఆయన పరిశోధనలు రెండు ఇప్పుడు ఒకే ప్లాస్టిక్ పొరలో కలుస్తున్నాయి.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ శివార్లలో ఓ కమ్మరి ఇంట పుట్టారు. బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కాసిని లెక్కలు. పద్నాలుగేళ్లకు జార్జ్ రీబో అనే పుస్తక వ్యాపారి దగ్గర బైండింగ్ పనిలో చేరి ఏడేళ్లు ఉన్నారు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలే ఆయన కాలేజీ. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును స్వయంగా బైండ్ చేసి డేవీకే పంపారు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఆయన పరిశోధనా జీవితమంతా ఆ సంస్థతోనే ముడిపడింది. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనడంతో ప్రపంచ ప్రఖ్యాతి వచ్చింది.

1837లో ఆయన దృష్టి విద్యుత్తును పారనివ్వని పదార్థాల మీదకు మళ్లింది. విద్యుదావేశాలు దూరం నుంచే నేరుగా ఒకదానిపై ఒకటి పనిచేస్తాయని, మధ్యలో ఉన్న గాజు, మైనం వంటివి ప్రేక్షకులేనని నాడు చాలామంది నమ్మేవారు. ఫారడే ఒప్పుకోలేదు. బోలు ఇత్తడి గోళంలో చిన్న గోళాన్ని అమర్చిన పరికరాలు రెండు, అచ్చం ఒకేలా చేయించారు. ఒకదానిలో గోళాల మధ్య గాలి. రెండోదానిలో సగం మేర లక్క నింపారు. ఒకదానికి ఆవేశం ఎక్కించి, రెండోదానితో కలిపారు. లక్కకు పాత్రేమీ లేకపోతే రెండూ చెరిసగం పంచుకోవాలి. లక్క ఉన్నదే ఎక్కువ తీసుకుంది. గంధకం, గాజుతోనూ ఇదే తేలింది. హెన్రీ కావెండిష్ దశాబ్దాల ముందే ఇలాంటి ఫలితం చూసినా ప్రచురించలేదు.

ఇలాంటి పదార్థాలకు డైఎలక్ట్రిక్ అన్న పేరును ఫారడే వాడుకలోకి తెచ్చారు. ఆయన వాడిన లక్క చెట్ల కొమ్మలపై పురుగులు వదిలే జిగురు, ఓ సహజ పాలిమర్. అప్పట్లో భారత్ నుంచి ఐరోపాకు ఎగుమతయ్యే సరుకు. లెక్కల బలం లేని ఆయన వాదనను తోటి శాస్త్రవేత్తలు వెంటనే అంగీకరించలేదు. తర్వాత మాక్స్‌వెల్ దానికి సమీకరణాల రూపం ఇచ్చారు.

రెండో పరిశోధన బంగారంపై. బంగారు లవణ ద్రావణానికి ఫాస్ఫరస్ చేరిస్తే కెంపు రంగు ద్రవం వచ్చింది. కంటికి ఆనని బంగారు కణాలే ఆ రంగుకు కారణమని 1857లో ఆయన వివరించారు. లోహం అదే, పరిమాణం మారితే గుణం మారుతుంది. నేటి నానో శాస్త్రానికి మూలసూత్రం ఇదే. నైట్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని కాదన్న ఫారడే 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూశారు.

నేటి కెపాసిటర్లలో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ బలమైన విద్యుత్ క్షేత్రాన్ని తట్టుకుంటుంది. కానీ దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 2.2 మాత్రమే. అందుకే దాచే శక్తి తక్కువ. బేరియం టైటనేట్ సిరామిక్‌లో అది వెయ్యి దాటుతుంది. అయితే అది పెళుసు, తట్టుకునే క్షేత్రమూ తక్కువ. సిరామిక్ నానో కణాలను పాలిమర్‌లో కలిపితే రెండింటి మేలూ దక్కుతుందన్నది పరిశోధకుల ఆశ. కణాలు ముద్దకడితే మాత్రం ఫిల్మ్ అక్కడే తూట్లు పడుతుంది. పైగా సుమారు 105 డిగ్రీల వేడి దాటితే పాలీప్రొపిలీన్ నిలవలేదు కాబట్టి కార్లలో దాన్ని చల్లబరిచే ఏర్పాట్లు తప్పడం లేదు.

మధ్యలో ఉన్న పదార్థం ఏం చేస్తుందన్నది ఫారడే ప్రశ్న. ఏం కలిపితే అది ఇంకా ఎక్కువ దాచుకుంటుందన్నది ఇప్పటి ప్రశ్న. విద్యుత్ వాహనాల బరువు, ధర కొంతవరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి.