ఎడిసన్ మహాశయుడును ఆయన రికార్డులును

గ్రామఫోను రికార్డు కొనబోవువారు రెండు తెగలుగా నుందురు. కొందఱు తమకు ప్రియమైన పాటను వెదకుకొందురు. ధ్వని కొంత బొంగురుగా నున్నను లక్ష్యపెట్టరు. మఱికొందఱు ధ్వని నిర్మలముగా నున్నదా యని ముందు చూచి, పాట సంగతి పిమ్మట విచారింతురు. ఈ రెండవ పక్షమున నిలిచి అపారమైన శ్రమను ధనమును వెచ్చించినవాడు, ఆ యంత్రమును లోకమునకు మొదట నొసగిన థామస్ ఆల్వా ఎడిసన్ మహాశయుడే. ఆయన జీవితమున నీ భాగమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఎడిసన్ 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రములోని మైలాన్ అను చిన్న పట్టణమున జన్మించెను. బడిలో చదివినది స్వల్పము. తల్లియే యింట చదువు చెప్పెను. బాల్యమున రైలుబండిలో వార్తాపత్రికలు అమ్మెను. పిదప తంతి గుమాస్తాయై పనిచేసెను. చిన్నతనముననే ప్రారంభమైన చెవుడు వయస్సుతో గూడ హెచ్చుచు వచ్చెను.

1877లో ఆయన తగరపు రేకు చుట్టిన యొక గొట్టమును చేతితో త్రిప్పుచు దానియెదుట మాటలాడెను. ఆ ధ్వనికి సూది కదలి రేకుపై గుంటలు పడెను. సూదిని మరల నదే త్రోవను నడపగా యంత్రము ఆ మాటలనే పలికెను. పలికిన మాటను పట్టి తిరిగి వినిపించిన మొదటి యంత్రమిదియే. పిమ్మట విద్యుద్దీపముల పనిలో మునిగి, పది సంవత్సరముల తరువాత మైనపు గొట్టములతో దానిని బాగుచేసెను.

ఇంతలో ఎమీల్ బెర్లినర్ అను నాతడు బల్లపరుపు రికార్డును కనిపెట్టెను. 1901లో స్థాపింపబడిన విక్టర్ కంపెనీ అట్టి రికార్డులనే అమ్ముచు, 1904 మొదలు కరూసో వంటి ప్రఖ్యాత గాయకుల పాటలను ఇంటింటికి జేర్చెను.

ఎడిసన్ దీనికి ప్రతిగా 1912లో వజ్రపు సూదితో మ్రోగు రికార్డులను బయలుదేఱదీసెను. అవి యించుమించు పావు అంగుళము మందము గలవి. విక్టర్ రికార్డులలో సూది ప్రక్కలకు కదలును. వీనిలో పైకి క్రిందికి కదలును. ఉక్కుసూదిని మాటిమాటికి మార్చవలసియుండగా వజ్రపు సూదికి ఆ బాధ లేదు. 1915 మొదలు అనేక పట్టణములలో సభలు జరిపి, గాయనిని యంత్రమును ఒకే వేదికపై నుంచి, దీపము లార్పి, ఏది గొంతో ఏది రికార్డో చెప్పుడని శ్రోతలను పరీక్షించిరి. పలువురు చెప్పజాలకపోయిరి. పాడువారు యంత్రమున కనుగుణముగా తమ గొంతును సవరించుకొనెడివారని తరువాత తెలియవచ్చినను, ఆ ధ్వని నాటి రికార్డులలో మేలైన దనుటకు సందేహము లేదు.

అయినను పాటలను, పాడువారిని ఎన్నుకొను నధికారమును ఆయన తనచేతనే యుంచుకొనెను. సరిగా వినబడక, యంత్రపు కొయ్యను పండ్లతో కఱచి ఆ కంపనమువలన వినెడివాడు. వణకు గొంతు ఆయనకు సరిపడదు. గొప్ప పేరునకు అధికముగ సొమ్మిచ్చుట వ్యర్థమని తలంచెను. తొలినాటి రికార్డులపై పాడినవారి పేరైనను వేయింపలేదు. రాఖ్మానినోవ్ అను మహా పియానో విద్వాంసుడు 1919లో ఎడిసన్ కంపెనీకి వాయించి, మరుసటి యేడు విక్టర్ కంపెనీలో జేరెను.

జనులు దుకాణమునకు బోయి గాయకుని పేరు చెప్పి యడిగిరి; ఆ పేరు ఎడిసన్ కడ లేదు. పైగా ఆయన రికార్డు ఇతరుల యంత్రముపై సరిగా మ్రోగదు. 1925లో విద్యుత్తుతో ధ్వనిని పట్టు పద్ధతి ఇతర కంపెనీలకు రాగా ధ్వనియందలి ఆధిక్యమును పోయెను. 1929 అక్టోబరులో ఎడిసన్ రికార్డుల వ్యాపారము మూతబడెను. 1931 అక్టోబరు 18వ తేదీన ఆయన పరమపదించెను.

ఆ శ్రమ వ్యర్థము కాలేదు. 1948లో కొలంబియా కంపెనీ వినైలు రికార్డులను వెలువరించెను. 1950ల చివర వచ్చిన స్టీరియో రికార్డులలో సూది ప్రక్కలకును, పైకి క్రిందికిని గూడ కదలును. ఎడిసన్ నమ్మిన చలనము అట్లు తిరిగి వచ్చినది. నేడును వినైలు రికార్డులు కొనువారు ధ్వని ముఖ్యమా పాట ముఖ్యమా యని వాదించుకొనుచునే యున్నారు. వారికి మేము చెప్పదగిన దొక్కటియే: ముందు మరల మరల వినదలచిన పాటను కోరుకొనుడు, పిదప ఆ పాటయొక్క రికార్డులలో నిర్మలమైన దానిని ఏరుకొనుడు. ఎడిసన్ ఈ వరుసను తలక్రిందులు చేసెను; అంత మంచి ధ్వనియు ఆయన వ్యాపారమును నిలుపజాలకపోయెను.